వైరు అందినంత మేర

ఆమెకున్న భయం ఒక్కటే... కూతురు చదువుకుని చదువుకుని, తన పిలుపు అందనంత దూరం వెళ్ళిపోతుందేమోనని! తన చదువు ఎనిమిదో తరగతిలోనే ఆగిపోయింది. అప్పటినుంచీ కుట్టుమిషనే లోకం, ఆ తర్వాత పుట్టిన ఈ ఒక్క పిల్లే ప్రాణం. ఆ పిల్లకి పొరుగూరి హాస్టల్ బళ్ళో సీటొచ్చిందని ఇంటిల్లిపాదీ సంబరపడుతుంటే, ఆమె వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది!

బడికి ల్యాప్‌టాప్ తెచ్చుకోవాలన్నారు. అత్తగారిని, పిల్లని వెంటబెట్టుకుని, పాతవి బాగుచేసి అమ్మే కొట్టుకి వెళ్ళింది.

"బడికా అక్కా, ఇంట్లోకా?" అనడిగాడు కొట్టతను.

"రెండింటికీ."

అతను రెండు తీసి బల్లమీద పెట్టాడు. "ఈ చిన్నది తేలిక. పొద్దున ఛార్జింగ్ పెడితే బడి వదిలేదాకా వస్తుంది. ఈ పెద్దదానికి తెర బాగుంటుంది గానీ, బ్యాటరీ పోయింది. వైరు పీకితే ఆరిపోతుంది. ఇంట్లో ఓ మూల పెట్టుకుంటానంటేనే తీసుకోండి."

పిల్ల చెయ్యి అప్పటికే చిన్నదాని మీద ఉంది. తల్లి మనసు మాత్రం పెద్దదాని దగ్గర ఆగిపోయింది. గోడను వదిలి కదలలేని వస్తువు! ఇది కొంటే పిల్ల కూడా ఇల్లు కదలదు... పక్క వీధి బడికే వెళ్ళొస్తుంది... సాయంత్రాలు అది చదువుకుంటుంటే తను పక్కనే కుట్టుకుంటూ ఉండొచ్చు...

"పెద్దదే ఇవ్వండి. మా మిషనైనా అంతే, బరువుంటేనే నిలకడ" అనేసింది.

"నిలకడ చూసి కొనడానికి ఇదేమైనా రోలా!" అని అత్తగారు విసుక్కుంది.

పిల్ల తల్లి ముఖంలోకి ఒక్కసారి చూసింది. మెల్లిగా చెయ్యి తీసేసింది. "అమ్మకి నచ్చిందే తీసుకుందాం నాన్నమ్మా."

కానీ పిల్ల ఆగలేదు! బళ్ళు తెరిచే రోజున ఆ బరువునే గుండెలకి హత్తుకుని బస్సెక్కింది.

కొన్నాళ్ళకి పంతులమ్మ ఫోన్ చేసింది. "మీ అమ్మాయి బాగా చదువుతుందండీ. కానీ ఎవరితోనూ కలవదు. అందరూ గుంపులుగా కూర్చుని పని చేసుకుంటుంటే, తనొక్కతే వెనక గోడ దగ్గర ప్లగ్గు పక్కన కూర్చుంటుంది. ఇప్పుడు భోజనాల దగ్గరా అంతే, విడిగానే! ఇంట్లో ఏమైనా..." ఆ తర్వాతి మాటలు ఆమె చెవికెక్కలేదు.

ఆదివారం పిల్ల ఫోన్ చేయగానే తల్లి భోరుమంది. "నాకెందుకు చెప్పలేదే నా తల్లీ!"

"కొత్తగా చెప్పేదేముందమ్మా? బ్యాటరీ సంగతి కొట్లోనే విన్నాగా."

"మరి అప్పుడే వద్దనలేకపోయావా?"

"నేను వెళ్ళకూడదనేగా అది కొన్నావు! నువ్వు నోటితో అనలేదు, అయినా నాకు తెలిసింది. వెళ్ళకుండా ఉండలేకపోయాను... అదొక్కటైనా నీ ఇష్టప్రకారం ఉంచుకుందామనుకున్నానమ్మా."

మిషను మీద తల వాల్చి ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే అత్తగారు ఆరోజు వెన్ను నిమిరి, "ఏడుపు తర్వాతే తల్లీ... లే, ఆ చిన్నది ఇంకా కొట్లో ఉందేమో చూసొద్దాం పద" అంది.

ఉంది. మర్నాడే బస్సులో పంపించారు. ఇక పిల్ల ఎక్కడైనా కూర్చోవచ్చు! అది అందాక తల్లి ఆత్రంగా పంతులమ్మకి ఫోన్ చేసింది. "కొత్తది బాగా పనిచేస్తోందండీ. పిల్ల మాత్రం... అక్కడే కూర్చుంటోంది. ఇప్పుడు వెళ్తే మిగతా పిల్లలు జరిగి చోటిస్తారో లేదోనట."

ఆ చోటు ఇక్కడినుంచి ఏ తల్లి ఇప్పించగలదు!

హాస్టల్లో చదివే పిల్లలు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. ఈసారి వాళ్ళు ఫోన్ చేసినప్పుడు, క్లాసులో అందరికీ ఎడంగా కూర్చునే పిల్ల ఎవరైనా ఉందేమో అడగండమ్మా. ఉంటే, పక్కన కూర్చుని, 'తిన్నావా' అని అడగమనండి. కాస్త మొహమాటస్తురాలు... రెండోసారి అడిగితే గానీ చెప్పదు.