గండశిలుడి అలక

పూర్వం వేణుగిరి రాజ్యంలో వాగులన్నీ ఒక్కసారిగా ఎండిపోయాయి. ఆ రాజ్యానికి నీళ్ళిచ్చే ఊటలు నల్లకొండ మీద గండశిలుడనే భూతం కాపలాలో ఉండేవి. తరతరాలుగా రాజకుటుంబంతో చుట్టరికం కలుపుకుని మంచిగా ఉన్నవాడు, రాజు కొడుకు మణికేతుడి యువరాజ పట్టాభిషేకం జరిగిన మర్నాడే ఊటలకు బండలు అడ్డం పెట్టి కూర్చున్నాడు. అతనికి కోపం ఎందుకొచ్చిందో ఎవరికీ తెలియలేదు.

మణికేతుడు ఆస్థాన పండితులు కూర్చిన అనునయ వాక్యాలు వల్లె వేసుకుని, పట్టుబట్టలూ రత్నాలూ భటులతో మోయించుకుని కొండెక్కాడు. మళ్ళీ తిరిగి రాలేదు. గండశిలుడు యువరాజును శిలను చేశాడనీ, ఆ శిలకు నిండా నాచు పట్టిందంటే ఇక ఎన్నటికీ మనిషి కాలేడనీ వెంట వెళ్ళిన భటులు వచ్చి చెప్పారు.

"నేను వెళతాను" అన్నది యువరాజు చెల్లెలు మందారిక. అంత దుఃఖంలోనూ సభలో కొందరికి నవ్వొచ్చింది. ఎందుకంటే, పిల్లలూ, అలకలో ఆ పిల్లను మించినవాళ్ళు లేరు. పాలలో మీగడ తగ్గితే అలక, పిలిస్తే ఆలస్యంగా పలికారని అలక. అలిగి తలుపేసుకుంటే అన్న వచ్చి బతిమాలితే గాని తీసేది కాదు. ఆమెను పెంచిన దాది మాత్రం నవ్వలేదు. "ముల్లును ముల్లుతోనే తీయాలి. వెళ్ళనివ్వండి ప్రభూ" అన్నది.

అడవిలో మందారికకు ఒక ముని ఎదురయ్యాడు. ఆయన కమండలాన్ని కోతి ఎత్తుకుపోయింది. ఆ కోపంలో చెట్టునూ పుట్టనూ శపిస్తున్నాడు. మందారిక చేతులు జోడించి, శాంతించమని వేడుకున్నది. అగ్నిలో ఆజ్యం పోసినట్టయింది. తనకు శాంతం లేదంటావా అని ముని ఆమెనే శపించబోయాడు. తలుపు బయట నిలబడి అమ్మ "ఇంత కోపం పనికిరాదే" అన్నప్పుడల్లా తాను గడియ మరింత బిగించడం మందారికకు గుర్తొచ్చింది. వెంటనే మాట మార్చి, ఆ పాడు కోతి ఎటు పోయిందని అడిగింది. ముని కోతి చేసిన ఆగడాలన్నీ ఏకరువు పెట్టాడు. చెప్పడం పూర్తయ్యేసరికి కోపం సగం దిగింది. ఇద్దరూ కలిసి పొదలో కమండలం వెతికి పట్టేసరికి మిగతా సగమూ పోయింది. ముని ఆమెను దీవించి నల్లకొండకు దారి చూపించాడు.

కొండ దిగువన ఒక ఆడ ఏనుగు చెట్లు పెకలిస్తూ దారికి అడ్డం నిలిచింది. దాని గున్న గోతిలో పడింది. మందారిక ఎంత తియ్యగా బుజ్జగించినా అది తొండం ఝళిపించి మీదికి వచ్చింది. ఆమె మాటలు కట్టిపెట్టి, రాళ్ళూ కొమ్మలూ ఈడ్చుకొచ్చి గోతిలో వెయ్యసాగింది. కాసేపు చూసి ఏనుగు కూడా మానులు విరిచి వేసింది. వాటి మీదుగా గున్న పైకి ఎక్కి వచ్చింది. ఏనుగు మందారికను వీపున ఎక్కించుకుని కొండ మీద దింపింది.

అక్కడ గండశిలుడు నగరానికి వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. పక్కనే అన్న శిలై ఉన్నాడు. అప్పటికే నాచు అతని గుండెదాకా పాకింది. అది చూసేసరికి దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ మందారిక మరిచిపోయింది. కోపమూ దుఃఖమూ ముంచుకొచ్చాయి.

"నువ్వూ పొగడ్తలు మొదలుపెడతావా?" అని గర్జించాడు గండశిలుడు.

"నేను నీతో మాట్లాడను" అని మందారిక అటు తిరిగి కూర్చుని ఏడవసాగింది.

తనను చూసి వణికినవాళ్ళనూ, కత్తి దూసినవాళ్ళనూ గండశిలుడు ఎరుగును గాని, తన మీద అలిగినవాళ్ళను ఎరగడు. తోచక కాసిని నేరేడుపళ్ళు కోసుకొచ్చి ముందు పెట్టాడు. ఆమె చూడలేదు. తేనెపట్టు తెచ్చాడు. అన్నయ్య లేకుండా ఏదీ ముట్టనన్నది. పాపం, అతను ఎన్నడూ ఎవరినీ ఊరడించి ఎరగడు.

"అలగకే తల్లీ. అంత ఏడిస్తే కళ్ళు వాస్తాయి" అన్నాడు, ఉరిమే గొంతును వీలైనంత తగ్గించి.

మందారిక ఇటు తిరిగింది. "తాతా, నీకూ ఇలాగే ఉందా? నిన్నెవరేం చేశారు?"

గండశిలుడు నగరం వైపు తిరిగాడు. "మీ తాత పెళ్ళికి మీ ముత్తాత ఈ కొండెక్కి వచ్చి బొట్టు పెట్టి పిలిచాడు. మీ నాన్న పెళ్ళికి మీ తాత వచ్చాడు. మీ అన్న పట్టాభిషేకానికి ఊళ్ళో దండోరా వేశారు. ఇక్కడికీ వినిపించింది. దండోరా విని వెళితే నేను చుట్టాన్నెలా అవుతానమ్మా?" అన్నాడు.

అనునయ వాక్యాలతో అన్నను పంపారే గాని, కోపం ఎందుకొచ్చిందని ఒక్కరూ అడగలేదు. మందారికకు ఆ ముసలి భూతం మీద ఎంతో జాలి కలిగింది.

"తప్పు మాదే తాతా. నేనైతే ఇంకా పెద్ద అలక అలిగేదాన్ని" అన్నది. అతని మోకాలి మీదికి ఎక్కి, తన నుదుటి కుంకుమ వేలితో తీసి అతని నుదుట పెట్టింది. "మా అన్నయ్య పెళ్ళికి పెద్దగా వచ్చి నిలబడాలి."

"పెళ్ళికొడుకు లేకుండా పెళ్ళేమిటి?" అని గొణుక్కుంటూ గండశిలుడు అరచేత్తో శిల మీది నాచు తుడిచాడు. మణికేతుడు కళ్ళు తెరిచాడు. ముందుగా అతనికి కనిపించినవి చెల్లెలి వాచిన కళ్ళు.

"ఎవరేమన్నారమ్మా నిన్ను?" అన్నాడు. గండశిలుడు తల వంచుకున్నాడు.

"ఎవరూ ఏమీ అనలేదన్నయ్యా. తాతయ్యను నీ పెళ్ళికి పిలిచాను" అన్నది మందారిక.

ఆ పూటే బండలు తొలిగి వాగులు పారాయి. పొరుగు రాజ్యపు రాకుమార్తెతో మణికేతుడి పెళ్ళి కుదిరినప్పుడు రాజు స్వయంగా కొండెక్కి మరోసారి బొట్టు పెట్టి పిలిచాడు. గండశిలుడు బంతిలో మొదటి విస్తరి ముందు కూర్చున్నాడు. మళ్ళీ ఎక్కడ అలుగుతాడోనని రాజు చూస్తుండగా విస్తరి ఖాళీ చేసి, మారు వడ్డించమన్నాడు.