బోణీ చీర

దుర్గాశంకర్ విజిటింగ్ కార్డు మీద "డిజిటల్ గ్రోత్ ఆర్కిటెక్ట్" అని ఉంటుంది. బెజవాడ ఆటోనగర్‌లో వాళ్ళ నాన్న అంకమ్మరావుగారి లారీ స్పేర్ పార్టుల షాపు పైన, ఏసీ బిగించిన గది అతని ఆఫీసు. కింద సుత్తి దెబ్బలు పడుతున్నంతసేపూ పైన క్లయింట్ కాల్ మ్యూట్‌లో ఉంటుంది. లోకానికంతా కస్టమర్లని తెచ్చిపెడతానని చెప్పే ఈ కుర్రాడికి ఇప్పటిదాకా దొరికిన కస్టమర్లంతా నాన్నగారి స్నేహితులే. ఆ సంగతి కార్డు మీద ఉండదు.

రేణుక అలా రాలేదు. ఫోన్లో అతని ప్రకటన చూసి, పామర్రు అవతల ఉన్న నేతవీధి నుంచి నాయనమ్మ రాఘవమ్మని వెంటబెట్టుకుని బస్సెక్కి వచ్చింది. ప్రకటన చూసి వచ్చిన మొట్టమొదటి మనిషి కావడంతో శంకర్‌కి కాళ్ళూ చేతులూ ఆడలేదు. అయినా కుర్చీలో వెనక్కి వాలి, గంభీరంగా మొహం పెట్టాడు.

"ముందు మీ పెయిన్ పాయింట్ చెప్పండి."

"నడుం నాయనా," అంది రాఘవమ్మ. "కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను."

రేణుక నవ్వు ఆపుకుంది. "మా ఇబ్బంది నేను చెప్తానండి. మా వీధిలో నేసిన చీరలు ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి అమ్ముతాను. చేనేత కదండీ, ఏ చీరకా చీరే. ఒక్కో రకం ఒక్కటే ఉంటుంది. ఒకరు పక్కన పెట్టమంటారు, ఇంకొకరు ఇప్పుడే డబ్బేస్తామంటారు, ఆ గందరగోళంలో ఒకే చీర ఇద్దరికి చెప్పేస్తున్నా. ఏది అమ్ముడైందో, ఏది ఉందో తెలిస్తే చాలు. ఇంకేం అక్కర్లేదు."

'ఇంకేం అక్కర్లేదు' అనేది శంకర్ వృత్తిలో బూతుమాట.

"అలా అయితే స్కేల్ అవ్వదండీ," అంటూ లాప్‌టాప్ తిప్పాడు. వెబ్‌సైటన్నాడు, పేమెంట్ గేట్‌వే అన్నాడు, కొరియర్ యాప్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ఈమెయిల్ మార్కెటింగ్ అన్నాడు. చివర్లో స్వీటు వడ్డించినట్టు, కస్టమర్లతో తనంతట తానే మాట్లాడే చాట్‌బాట్ చూపించాడు. దాని పేరు లక్కీ.

"ఇదెందుకండీ? నాకు నోరుంది కదా."

"మీరు పడుకున్నా మాట్లాడుతుందండీ."

"మా నాయనమ్మా మాట్లాడుతుంది," అంది రేణుక.

అక్కడే లేచి వెళ్ళిపోవలసింది. తెలివైన పిల్లే. కానీ కంకిపాడులో మేనత్త కూతురు సింధూరి గాజులమ్ముతుంది, ఆమె సైటుకి చాట్‌బాట్ ఉంది. చుట్టాల దగ్గర ఉన్నది మన దగ్గర లేదనేసరికి ఎంత తెలివైనవాళ్ళైనా పప్పులో కాలేస్తారు. రేణుక అన్నింటికీ సరేనంది.

ఇంకో కారణం కూడా ఉంది. వాళ్ళ నాన్న బెజవాడలో ఓ బట్టల కొట్లో సేల్స్‌మన్. మగ్గాన్ని నమ్ముకుంటే అన్నం దొరకదని ఆయన ఏనాడో తేల్చేసుకున్నాడు. "శ్రావణంలో చీరలు పోయాయా, సరే. లేదంటే మగ్గం గుంట పూడ్చి, గచ్చు చేయించి, ఆ గది అద్దెకిచ్చేస్తా," అని చెప్పేశాడు. రాఘవమ్మ కాపురానికొచ్చిన కొత్తలో కూర్చున్న మగ్గం అది. రేణుక నేత నేర్చుకున్నదీ దాని మీదే. ఇంట్లో మిగిలింది అదొక్కటే.

*

ఫొటోలు తీయడానికి శంకర్ నేతవీధికి వచ్చాడు. ఒక్కరోజులో అయిపోయే పనికి ఆషాఢమంతా తిరిగాడు. లైటింగ్ కుదరడం లేదన్నాడు.

రేణుక ఒక రోజు చిలకపచ్చ చీర భుజమ్మీద వేసుకుని నిలబడింది. వంకాయరంగు అంచు, తనే నేసింది.

"తల తిప్పకండి, లైటు పోతుంది."

"లైటు చీర మీద పడాలండీ, నా మొహం మీద కాదు."

"రెండిటి మీదా పడుతోంది. నేనేం చేయను?"

రేణుక తల తిప్పేసింది. అంతలో చినుకులు మొదలయ్యాయి. శంకర్ దండెం మీది చీరలన్నీ రెండు చేతులా పోగేసుకుని అరుగు మీదికి పరిగెత్తాడు. కొత్త ఫోను స్టాండు మీదే ఉండిపోయి నిక్షేపంగా తడిసింది.

"మీ ఫోనండీ."

"చీరలు తడవలేదు కదా," అన్నాడు రొప్పుతూ.

రేణుక అతణ్ణి మొదటిసారి కాస్త పరీక్షగా చూసింది. మనిషి మంచివాడే, మాటలే అద్దెకు తెచ్చుకున్నాడు అనుకుంది. ఆ అనుకోవడం ఆమెకి ఇష్టంగానే ఉంది.

*

శ్రావణమాసం మొదటి శుక్రవారం సైటు తెరిచారు. రాఘవమ్మ లాప్‌టాప్‌కి బొట్టు పెట్టి హారతిచ్చింది. కర్పూరం పొగకి శంకర్ దగ్గుతూ, ఎలా పనిచేస్తుందో చూపిద్దామని తన పేరు మీదే చిలకపచ్చ చీరకి ఒక ఆర్డరు కొట్టాడు. రేణుక ఫోను గంట మోగింది.

"బోణీ అయింది," అంది రాఘవమ్మ, ఆ చీర తీసి కొంగు మూలకి పసుపు రాస్తూ.

"అది టెస్ట్ ఆర్డరండీ నాయనమ్మగారూ."

"ఏదో ఒకటి. మోగింది కదా."

శంకర్ బెజవాడ వెళ్ళిపోయాడు. రేణుక సైటు లింకు తన పాత కస్టమర్లందరికీ పంపింది. గంట మోగింది. మళ్ళీ మోగింది. తర్వాత ఆగలేదు. ఆమె ఆనందం ఎంతసేపంటే, ఆర్డర్లు తెరిచి చూసేంతసేపు. అందరూ కొన్నది చిలకపచ్చ చీరే. గుడివాడలో కొన్నారు, తెనాలిలో కొన్నారు, ఏలూరులో అత్తాకోడళ్ళిద్దరూ విడివిడిగా కొన్నారు. ఉందా అని అడిగిన ప్రతివాళ్ళకీ లక్కీ వినయంగా జవాబిచ్చింది: "ఉందండీ. రేపే మీ ఇంటికి వస్తుంది."

రేణుక ఫోన్ చేసింది.

"శంకర్ గారూ, మీరు స్టాక్ ఎంతని పెట్టారు?"

"లిమిట్ పెట్టలేదండీ. ఎప్పుడూ ఉంటుందని పెట్టాను."

"ఎప్పుడూ ఉండటానికి అదేమన్నా కృష్ణా నీళ్ళా? ఒక్క చీర."

అవతల సుత్తి దెబ్బలు వినబడ్డాయి. ఈసారి మ్యూట్ నొక్కడం కూడా మరిచిపోయాడు.

"వస్తున్నానండీ," అన్నాడు.

*

వచ్చేసరికి రేణుక అరుగు మీద కూర్చుని వరసగా ఫోన్లు చేస్తోంది. తలెత్తకుండానే రెండో ఫోను అతని వైపు తోసింది. శంకర్ గొంతు సవరించుకుని గుడివాడ టీచరు మాధురిగారికి కలిపాడు.

"మేడమ్, బ్యాకెండ్‌లో ఇన్వెంటరీ అప్‌డేట్ అవ్వలేదండీ..."

"అదంతా నాకొద్దు బాబూ. వరలక్ష్మీ వ్రతానికి ఆ చీరే కడుతున్నానని మా తోటికోడలికి ఫొటో కూడా పంపేశాను. ఇప్పుడు దాని ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

డిజిటల్ గ్రోత్ ఆర్కిటెక్ట్ ఫోను చెవి నుంచి దూరం జరిపాడు. రేణుక ఫోను లాక్కుంది.

"అక్కా, తప్పు మాదే. ఆ చీర ఒక్కటే ఉంది. ఇంకోటి నేయాలంటే వ్రతానికి అందదు. డబ్బు వెనక్కి వేయమంటే ఇప్పుడే వేసేస్తా. లేదంటే వీడియోలో వేరేవి చూపిస్తా. ఇంతకీ మీ తోటికోడలు ఏ రంగు కడుతోంది?"

మాధురిగారి గొంతు కాస్త మెత్తబడింది.

"మామిడిపండు రంగు. దానికంటే మంచిది చూపించు."

అలా మొదలైంది. వీధిలో వాళ్ళంతా చీరలు పట్టుకొచ్చారు. రేణుక మాట్లాడింది, శంకర్ ఒక్కో చీరా విప్పి చూపించి, మడత పెట్టాడు. మడత సరిగ్గా రాక రాఘవమ్మ చేత చీవాట్లు తిన్నాడు. కొందరు డబ్బు వెనక్కి తీసుకున్నారు, ఏలూరు అత్తగారు ఒక్క స్టారిచ్చి కసి తీర్చుకున్నారు. ఎక్కువమంది మాత్రం వేరే చీర తీసుకున్నారు. సాయంత్రానికి దండెం ఖాళీ అయింది. సంగతి విన్న రేణుక నాన్న, మగ్గం గుంట జోలికి ఇప్పట్లో రానని ఫోన్లో ఒప్పుకున్నాడు.

రేణుక నీళ్ళు తాగి, అప్పుడు తిరిగింది అతని మీదికి.

"మొదటి రోజే చెప్పానండీ, నాకు కావలసింది ఒక్కటేనని."

"నేను వినలేదండీ."

"విన్నారు. మీ దగ్గర అమ్మడానికి అది తప్ప అన్నీ ఉన్నాయి, అంతే."

శంకర్ తల దించుకున్నాడు. లాప్‌టాప్ తెరిచి ముందు లక్కీ నోరు మూయించాడు. ఈమెయిల్ మార్కెటింగ్ తీసేశాడు. వానలో బస్టాండుకి పార్సిళ్ళు మోయక్కర్లేదు కాబట్టి కొరియర్ ఉంచమంది రేణుక. ప్రతి చీర పక్కనా స్టాక్ 'ఒకటి' అని అతను ఓపిగ్గా మార్చాడు.

"ఇంకోటి అడుగుతాను. అన్ని చీరలుండగా నా ఫొటో ఎందుకు పైన పెట్టారు? అందుకే కదా అందరూ దాని మీద పడ్డారు."

"కన్వర్షన్ కోసం..."

"తెలుగులో చెప్పండి."

"పొద్దున్నే సైటు తెరిస్తే ముందు మీరే కనబడాలని," అన్నాడు శంకర్. ఆ మాట ఎక్కడి నుంచీ అద్దెకు తెచ్చింది కాదు.

రేణుక చెవులు ఎర్రబడ్డాయి. చిలకపచ్చ చీర ఒళ్ళోకి లాక్కుని, "ఇప్పుడిది ఎవరికివ్వాలి మరి?" అంది గోడతో.

"ఇందులో అడగడానికేముంది?" అంది రాఘవమ్మ. "బోణీ చేసింది ఈ అబ్బాయి. బోణీ బేరం కాదని చీర ఇంకొకళ్ళకిస్తే మగ్గానికి మంచిది కాదు. ఏం నాయనా, డబ్బు కట్టి తీసుకో."

"నేను చీరేం చేసుకోనండీ?"

"అది నీ ఖర్మ."

శంకర్ డబ్బు కట్టాడు. పార్సిల్ ఎక్కడికని రేణుక అడిగితే, "అడ్రస్ సైటులో మార్చానండీ," అని బండెక్కి వెళ్ళిపోయాడు.

రేణుక లేబులు ప్రింట్ తీసి చూస్తే, తన పేరు, తన వీధి, తన గుమ్మం.

మర్నాడు కొరియర్ అతను లేబులు చూసి బుర్ర గోక్కున్నాడు. "పంపేదీ మీరే, తీసుకునేదీ మీరేనా? ఇక్కడే ఉంచేసుకోవచ్చు కదమ్మా."

"కుదరదు. బోణీ పార్సిల్. పద్ధతి ప్రకారం వెళ్ళి రావాలి."

అది పద్ధతి ప్రకారమే బెజవాడ వెళ్ళింది, గోడౌన్‌లో పడుకుంది, వానలకి ఆలస్యమైంది. మీ పార్సిల్ దారిలో ఉందని మెసేజ్ వచ్చిన ప్రతిసారీ రేణుక దాన్ని శంకర్‌కి పంపింది, ఏమీ రాయకుండా. అతను ఏమీ రాయకుండా దండం బొమ్మ పెట్టాడు. రాఘవమ్మ ఇదంతా చూస్తూ, దీనికంటే ఉత్తరాలు నయమంది.

వరలక్ష్మీ వ్రతం రోజు వీధిలో ఆటోనగర్ స్కూటరొకటి ఆగింది. నడుపుతున్న శంకర్ వెనక నుంచి అంకమ్మరావుగారు దిగి, రాఘవమ్మకి నమస్కారం పెట్టారు.

"మావాడు ఎవరి వ్యాపారాన్నో ముంచబోయాడట, వాళ్ళు తేలి వీణ్ణి కూడా తేల్చారట. వాళ్ళని చూసిపోదామని వచ్చానమ్మా. వీడు వారం నుంచి పార్సిల్, పార్సిల్ అని ఒకటే కలవరిస్తున్నాడు."

లోపలి నుంచి రేణుక వాయనం పళ్ళెంతో వచ్చింది. చిలకపచ్చ చీర, వంకాయరంగు అంచు. కొంగు మూల పసుపు మరక అలాగే ఉంది. అంకమ్మరావుగారు ఆమెనీ, కొడుకునీ ఒకసారి చూసి, మంచినీళ్ళడిగే మిషతో రాఘవమ్మతో కలిసి మగ్గం గదిలోకి వెళ్ళిపోయారు.

"పార్సిల్ అందిందన్నమాట," అన్నాడు శంకర్.

"పొద్దున్నే వచ్చింది."

"నచ్చకపోతే..."

"చేనేతకి రిటర్న్ లేదని మీచేతే రాయించాను కదా." రేణుక పళ్ళెం కింద పెట్టింది. "మీ స్టాక్ సంగతి చెప్పండి. ఎప్పుడూ ఉంటుందా, ఒక్కటేనా?"

శంకర్‌కి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది.

"ఒక్కటేనండీ."

"అయితే అమ్ముడైపోయిందని పెట్టేయండి," అంది రేణుక.