లేని నొప్పి

"ఈ పన్ను పీకేయండి డాక్టర్ గారూ, పీడా పోతుంది" అన్నాను కుర్చీలో వాలగానే.

"పీకడానికి అదేమన్నా కలుపు మొక్కా?" అంది ఆవిడ. మాస్క్ మీద నుంచి కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. అవి చాలు, నా కొంప మునగడానికి.

నేను లిఫ్టులు బాగుచేసే మెకానిక్‌ని. పాడైన పార్టు తీసి అవతల పడేయడమే తెలుసు, బుజ్జగించడం తెలియదు.

అంతలో వాళ్ళ నాన్నగారు వచ్చారు. క్లినిక్ ఆయనది, ముప్పై ఏళ్ళ సర్వీసు. ఎక్స్‌రే చూసి పెదవి విరిచారు. "పుచ్చు నరం దాకా పాకింది. రూట్ కెనాల్ చేసి నరం మొత్తం తీసెయ్యమ్మా."

"లోపల ఇంకా ప్రాణం ఉంది నాన్నా. పాడైనంత వరకే తీసి మిగతాది కాపాడతాను."

"సరే, చెయ్యి. ఇది నిలబడకపోతే మాత్రం నా క్లినిక్‌లో మళ్ళీ ఈ మాట ఎత్తకు."

మత్తిచ్చి, పన్ను చుట్టూ రబ్బరు షీటు బిగించి, పుచ్చంతా తీసి, చిన్న దూది ఉండ అదిమి పట్టుకుంది. "రక్తం ఆగితే నరం బతికినట్టే. ఆగకపోతే నాన్న మాటే నెగ్గుతుంది" అంది గడియారం చూస్తూ.

బయట వాన మొదలైంది. నన్నెవరూ అంత దగ్గరగా, అంతసేపు చూడలేదు. చూసింది నన్ను కాదు, నా దవడ పన్నుని. అది వేరే సంగతి.

రక్తం ఆగింది. ఆవిడ కళ్ళు నవ్వాయి. తెల్లటి సిమెంటు పెట్టి పైన మూసేసింది.

వారం తర్వాత ఫోన్ చేసింది. "నొప్పేమన్నా ఉందా? లేకపోతే ఇక ఆరు నెలలకి రండి."

ఆరు నెలలు. నా నోరు ఊరుకోలేదు. "ఉందండి. ఏమీ తినకపోయినా దానంతటదే లాగుతోంది" అన్నాను. అది మా అక్క తన పన్ను గురించి చెప్పుకుని ఏడ్చిన మాట. పొల్లుపోకుండా అప్పజెప్పాను. రమ్మంది. మరుసటి వారమూ అదే పాట పాడాను.

మూడోసారి వెళ్ళేసరికి ట్రేలో నరం తీసే సన్నటి సూదులు వరసగా ఉన్నాయి. వాళ్ళ నాన్నగారు గుమ్మంలో నిలబడ్డారు.

"ఎక్స్‌రే బాగుంది. చల్లదనం తగిలిస్తే పన్నుకి తెలుస్తోంది, నరం బతికే ఉండాలి" అంటోంది ఆయనతో. "అయినా దానంతటదే నొప్పి అంటున్నారు, అది నరం చచ్చిపోతున్న లక్షణం. పేషెంట్ మాట నమ్మకపోతే ఎలా నాన్నా? నేనే ఓడిపోయాను. నరం తీసేస్తాను."

ఆ గొంతు విని నా తల కొట్టేసినట్టయింది. సిరంజి దగ్గరికి రాగానే చెయ్యి అడ్డం పెట్టాను.

"నొప్పి లేదండి. మీరు పన్ను బాగుచేసిన రోజు నుంచీ లేదు."

"మరి?"

"ఆరు నెలలు మిమ్మల్ని చూడకుండా ఉండటం నా వల్ల కాదనిపించింది."

సిరంజి ట్రేలో పెట్టేసింది. "రెండు వారాలుగా ఎక్కడ తప్పు చేశానా అని పుస్తకాలు తిరగేస్తున్నాను. మిమ్మల్ని నమ్మి, నా మీద నాకు నమ్మకం పోగొట్టుకున్నాను."

"తప్పయిపోయిందండి" అన్నాను.

వాళ్ళ నాన్నగారు వచ్చి ఆవిడ భుజం తట్టారు. "పన్ను బతికే ఉందిగా. నువ్వే గెలిచావమ్మా. రేపొచ్చే కేసు కూడా నీ పద్ధతిలోనే చెయ్యి." నా వైపు తిరిగి, "నీ సంగతి తనే చూసుకుంటుంది బాబూ" అని వెళ్ళిపోయారు.

ఆవిడ నా కార్డులో 'నొప్పి లేదు' అని రాసి, కింద రెండు గీతలు గీసింది. అప్పుడు మాస్క్ తీసింది.

"ఇక మీ పన్ను నాన్నగారు చూస్తారు. మీరు నా పేషెంట్ కాదు."

లేచి చెప్పులు వెతుక్కుంటున్నాను.

"పేషెంట్లతో కాఫీకి వెళ్ళకూడదని నాకో రూల్ ఉంది" అంది, కార్డు చూస్తూనే. "ఆదివారం సాయంత్రం ఐదింటికి ఖాళీయేనా? నిజం చెప్పండి."

'ఖాళీయే' అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

"లేదండి. ఆరింటి దాకా ఒక లిఫ్ట్ పని ఉంది."

మొదటిసారి, మాస్క్ లేకుండా నవ్వింది.

"అయితే ఆరున్నరకి."