బాగుందంటే బాగున్నట్టేనా?

సాయంత్రం ఐదింటికల్లా కాలేజీ దరఖాస్తు పంపెయ్యాలి. పంపాక మార్చుకునే వీల్లేదు! గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. భోజనాల బల్ల దగ్గర పదిహేడేళ్ళ కూతురు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే, భుజం మీద చెయ్యేసి మేనత్త "ఫార్మసీ నొక్కు తల్లీ" అంటోంది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ తల్లికి మాత్రం ఏదో తేడాగా తోస్తోంది. ఎందుకో ఆమెకే తెలియదు... పిల్ల బాగుందంది, తండ్రి సరేనన్నాడు, ఇంకేం కావాలి?

మేనత్త అంటే ఆషామాషీ మనిషి కాదు. తన తండ్రి చనిపోయిన నెలలోనే ఆయన మందుల కొట్టు నెత్తినేసుకుంది. పెళ్ళి మాటెత్తితే "ముందు తమ్ముడు స్థిరపడనీండి" అంది. తమ్ముడు స్థిరపడ్డాడు, నిలబడీ నిలబడీ ఆమె కాళ్ళ నరాలు ఉబ్బాయి, పెళ్ళి మాట మాత్రం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు! ఆ కొట్టు మేనకోడలి చేతిలో పెట్టాలన్నదే ఆమెకు మిగిలిన కోరిక. అలాంటి మనిషిని ఎవరు కాదంటారు? ఆ ఇంట్లో "కాదు" అనేది ఒక్క నాయనమ్మే. ఎనిమిది నెలల కిందట పక్షవాతం ఆవిడ మాటలన్నీ ఎత్తుకుపోతూ, ఆ ఒక్క మాటా వదిలేసింది. తింటావా అన్నా కాదు, నిద్రొస్తోందా అన్నా కాదు. రోజూ మధ్యాహ్నం మనవరాలు ఆ గదిలో దూరి తలుపు దగ్గరగా వేసుకునేది. ముసలావిడకు తోడుంటోంది కాబోలనుకున్నారు అందరూ.

తల్లి ఉద్యోగం కళ్ళజోళ్ళ కొట్టులో, కళ్ళు పరీక్షించడం. ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకోటి పెట్టి "మొదటిదా, రెండోదా?" అని రోజుకు వందసార్లు అడుగుతుంది. మొహమాటస్థులతోనే వస్తుంది తంటా. ఏది పెట్టినా "బాగుందండీ" అనేసి, వారం తిరక్కుండా తలనొప్పంటూ వస్తారు. అందుకే ఆమె ఒక చిట్కా పెట్టుకుంది. అదే అద్దాన్ని మళ్ళీ పెట్టి అడుగుతుంది. "ఇది ఇంకా బాగుందండీ" అన్నారా, దొరికిపోయినట్టే!

కూతురి నోట ఇందాకటి నుంచీ వస్తున్నదీ ఆ మాటే కదా... ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి పిల్ల ఎదురుగా కూర్చుంది.

"ఫార్మసీ ఎలా ఉంది?"

"బాగుందమ్మా."

"పోనీ, లా?"

"అదీ బాగుంటుంది."

"లెక్కలు?"

లెక్కల పరీక్షంటే జ్వరం తెచ్చుకునే పిల్ల, "బాగానే ఉంటుందమ్మా" అంది!

తల్లి తనను తాను తిట్టుకుంది. ఊరందరి కళ్ళూ చూశాను, కన్నబిడ్డ కళ్ళలోకి చూడలేకపోయానే... ఎంత గుడ్డిదాన్ని!

"నువ్వు అద్దాలు చూడట్లేదమ్మా, మా మొహాలు చూస్తున్నావు. ఒక్కసారి 'కాదు' అని చూడు. ఏమీ మునిగిపోదు."

పిల్ల తలెత్తింది. "కాదమ్మా... ఫార్మసీ కాదు." ఆ మాట బయటపడ్డాక మిగతావన్నీ వాటంతటవే వచ్చేశాయి. మాట పోయినవాళ్ళకు మాట తెప్పించే చదువొకటి ఉందట, స్పీచ్ థెరపీ అంటారట. మార్కులు సరిపోతాయట. ఆర్నెల్లుగా అడగాలనుకుంటూనే ఉందట, అత్త మొహం చూసి నోరు రాలేదట.

మేనత్త పిల్ల భుజం మీంచి చెయ్యి తీసేసింది. "నేనేమన్నా బలవంతం చేశానా? పోనీలే... నా కొట్టు నాతోనే పోతుంది."

తల్లి లేచి ఆ చెయ్యి పట్టుకుంది. "వదినా, మా అందరి కోసం మీరు నిలబడ్డారు. ఆ మాట ఇన్నేళ్ళలో ఒక్కసారైనా మీతో అనకపోవడం నా తప్పే. కానీ మీలాగా అడగలేక నిలబడిపోయే గతి దీనికొద్దు."

మేనత్త కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. బదులు చెప్పేలోగా పిల్ల ఆమెను చెయ్యి పట్టి నాయనమ్మ గదిలోకి లాక్కెళ్ళింది. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తన పెదాల మీద వేలు పెట్టి చూపించింది.

"నాయనమ్మా, ఎవరొచ్చారో చెప్పు."

"కాదు," అంది ముసలావిడ.

"మళ్ళీ చూడు. పెదాలు కలుపు... ఊఁ..."

ముడతల పెదాలు కలిశాయి, విడిపోయాయి, చెమట పట్టేంత కష్టపడి మళ్ళీ కలిశాయి. "పా... పా... పాపా... ఇ..."

పాపాయి! యాభై రెండేళ్ళ మేనత్తను లోకంలో అలా పిలిచేది ఆమెను కన్న ఈ ముసలావిడ ఒక్కతే. ఎనిమిది నెలలుగా ఆ పిలుపు లేదు, ఇక రాదనే అనుకుంది. మేనత్త మంచం పట్టె పట్టుకుని కూలబడి, అమ్మ ఒళ్ళో తల పెట్టి చిన్నపిల్లలా ఏడ్చింది.

"నీ పుట్టినరోజుకి చెప్పిద్దామనుకున్నానత్తా," అంది పిల్ల నొచ్చుకుంటూ. "ఆ చివరి అక్షరం ఇంకా సరిగ్గా కుదర్లేదు."

నాలుగూ నలభైకి మేనత్త మొహం కడుక్కుని వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. కొట్టు సంగతేమిటని పిల్ల తల్లి మెల్లగా అడిగితే, "కొట్టుకేం, నేనున్నాగా. మందిచ్చేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు, మా అమ్మకి మాటిచ్చేది ఇదొక్కతే," అంది. కోర్సు పేరు రెండుసార్లు పైకి చదివింది. నొక్కబోతూ ఆగి, మేనకోడలి వైపు తిరిగింది.

"నిజం చెప్పు. ఇది బాగుందా?"

"బాగుందత్తా."

తల్లి కూతురి కళ్ళలోకి చూసింది. ఈసారి మళ్ళీ అద్దం పెట్టి అడగాల్సిన పని లేకపోయింది.