మంగళవారం కత్తి

మంగళవారం ఉదయం పది గంటలకి ఒడెస్సా పెటిగ్రూ వంటింటి బల్ల ముందు కూర్చుని కూరకి కాలర్డ్ ఆకులు తరుగుతోంది. అయిదారు ఆకులు ఒకదాని మీద ఒకటి పేర్చడం, చుట్టలా చుట్టడం, సన్నగా కోయడం. టకటకామని కత్తి చప్పుడు కింద క్లబ్బు వంటింట్లోంచి పై మేడలోని ఇంటిదాకా వినిపిస్తుంది. పాతికేళ్ళుగా ఆ ఇంట్లో మంగళవారాలు ఆ చప్పుడుతోనే మొదలయ్యాయి.

కూతురు వెర్లీన్ పొయ్యి పక్కన నిలబడి కాఫీ పోసుకుంది. ముప్పై నాలుగేళ్ళ మనిషి. బడిలో టీచరు. జూన్ నెల కాబట్టి సెలవులు. మూల కుర్చీలో థాడియస్ బాబాయ్ మొక్కజొన్న రొట్టె నములుతున్నాడు. ఆయన సొంత బాబాయేమీ కాదు. చనిపోయిన తండ్రి లూషియస్‌కి ప్రాణస్నేహితుడు, క్లబ్బు తెరిచిన రోజు నుంచీ అక్కడ నిలువెత్తు బేస్ ఫిడేలు వాయించేవాడు.

"ఇవాళ ఎవరైనా వస్తారా అమ్మా?" అంది వెర్లీన్.

"రాకపోతే పోయారు. ఆకు ఎలాగూ తరగాలిగా."

రెండేళ్ళుగా ఎవరూ రావడం లేదు. అయినా మంగళవారం పదింటికి ఒడెస్సా కత్తి పట్టుకుని కూర్చోవడం మానలేదు.

ఒకప్పుడు ఆ వంటింటి తలుపు బయట మనుషులు వరసలో నిలబడేవారు. పెటిగ్రూస్ అనే ఆ క్లబ్బులో నవ్వించే ఉద్యోగం కావాలంటే స్టేజి మీద పరీక్ష ఉండేది కాదు. "తాగి కూర్చున్నవాడు దేనికైనా నవ్వుతాడు. పొద్దున్నే పనిలో ఉన్న మా ఆవిడని నవ్వించు, అప్పుడు చూద్దాం," అనేవాడు లూషియస్. వచ్చినవాడు పొయ్యి పక్కన నిలబడి తనకి వచ్చినదంతా చెప్పాలి. ఒడెస్సా తలెత్తదు. కత్తి ఆగితే ఉద్యోగం. ఆగకపోతే ఒక ప్లేటు అన్నం, ఆకుకూర పెట్టి సాగనంపుతారు. ఆ వంటింట్లోంచి తినకుండా వెళ్ళినవాడు లేడు. ఈ రోజు టీవీలో కనిపించే పెద్ద పెద్దవాళ్ళు కూడా "నేను పెటిగ్రూస్‌లో కత్తి ఆపినవాణ్ణి" అని చెప్పుకుంటూ ఉంటారు.

లూషియస్ పశువుల కబేళాలో పనిచేసేవాడు. పంతొమ్మిది వందల నలభై ఆరులో, షికాగో దక్షిణాన మూతపడ్డ ఒక లాండ్రీని తీసుకుని ఎనభై కుర్చీలు వేశాడు. ఊరి మధ్యలో పెద్ద హోటళ్ళు మన నల్లవాళ్ళ చేత ట్రంపెట్లు ఊదించుకునేవి గానీ భోజనాల గదిలో కూర్చోనిచ్చేవి కావు. ఆ ఊదినవాళ్ళు అక్కడ ముగించుకుని ఆకలితో ఇక్కడికి వచ్చేవారు. తిన్నాక వాయిద్యాలు బయటికి తీసేవారు. పాటకీ పాటకీ మధ్య ఒకడు లేచి జోకులు చెప్పేవాడు. రెండేళ్ళు తిరిగేసరికి జనం చర్చి మలుపుదాకా బారులు తీరారు. తెల్లవాళ్ళు కూడా కార్లేసుకుని వచ్చి తలుపు దగ్గర అణకువగా నిలబడేవారు. థాడియస్ బేస్ ఒంటరిగా మోగేటప్పుడు వంటింట్లో కుళాయి కట్టెయ్యాలి, ఐసు పగలగొట్టకూడదు. ఆ క్లబ్బులో తీసిన రికార్డులో ఒకచోట ప్లేటు పడ్డ చప్పుడు ఉంటుంది. దేశమంతా విన్న ఆ ప్లేటుని పడేసింది పన్నెండేళ్ళ వెర్లీన్.

తర్వాత ఒక్కొక్కటీ జారిపోయింది. నవ్వించేవాళ్ళని టీవీ ఎగరేసుకుపోయింది. వాయించేవాళ్ళకి పెద్ద హాళ్ళు దొరికాయి. కుర్రకారు కరెంటు గిటార్ల వెంట పడ్డారు. చేతిలో నాలుగు రాళ్ళున్న కుటుంబాలు వేరే పేటలకి వెళ్ళిపోయాయి. నాలుగేళ్ళ కిందట లూషియస్ పోయాడు. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తున్నామని మునిసిపాలిటీవాళ్ళు ఆ వరస మొత్తం కూల్చేస్తున్నారు. రాబోయే ఆదివారం మధ్యాహ్నం ఆఖరి ఆట. ఎక్కడెక్కడి పాతవాళ్ళూ వస్తామని కబురు పెట్టారు.

వెర్లీన్ కాఫీ కప్పు కింద పెట్టింది. వారం రోజులుగా నోటిదాకా వచ్చి ఆగిపోతున్న మాట.

"అమ్మా, ఆదివారం నాకో పది నిమిషాలు ఇవ్వు."

"కుర్చీలు సర్దడానికా?"

"స్టేజి మీద."

కత్తి టకటకా సాగింది. "నీకెందుకే అవన్నీ."

"రెండేళ్ళుగా చేస్తున్నానమ్మా. ఉత్తరం వైపు ఒక క్లబ్బులో, లీనా ప్రైస్ అని వేరే పేరుతో. జనం నవ్వుతున్నారు. జులైలో డెట్రాయిట్‌లో ఆరు వారాలకి పిలిచారు. బడిలో రాజీనామా ఇచ్చేశాను."

థాడియస్ నమలడం ఆపాడు.

"పెన్షన్ వచ్చే ఉద్యోగం," అంది ఒడెస్సా మెల్లగా. "మీ తాతకీ, మీ నాన్నకీ లేనిది. చేతిలో పెడితే పారేసొచ్చావా?"

"పారెయ్యలేదు. వదులుకున్నాను. డెట్రాయిట్ ఎలాగూ వెళ్తాను. కానీ ఈ స్టేజి ఆదివారం తర్వాత ఉండదు. నేను పెరిగిన ఇల్లు ఇది. ఇక్కడ ఎక్కకుండా ఇంకెక్కడ ఎక్కినా నాకు దొంగతనం చేసినట్టే ఉంటుంది."

"ఈ స్టేజికి ఒక పద్ధతి ఉంది తల్లీ. పంతొమ్మిదేళ్ళప్పుడు ఇక్కడే నిలబడి చెప్పావుగా. కత్తి ఆగలేదు."

ఆ మాట వెర్లీన్‌కి కొత్త కాదు. పదిహేనేళ్ళుగా అది గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఆ రోజు అమ్మ తల కూడా ఎత్తలేదు. ప్లేటులో వేడివేడిగా అన్నం పెట్టి "తిను, తిని టీచర్ ట్రైనింగు కాగితాలు నింపు" అంది. వెర్లీన్ తిని, కాగితాలు నింపింది. తనకి నవ్వించడం రాదని అనుకుంది. క్లాసులో నలభై మంది పిల్లలు పడీపడీ నవ్వుతుంటే, పిల్లలు దేనికైనా నవ్వుతారులే అని సరిపెట్టుకుంది.

"అయితే మళ్ళీ పెట్టు పరీక్ష," అంది వెర్లీన్ పొయ్యి పక్కన సరిగ్గా నిలబడి. "ఇవాళ మంగళవారమే. నువ్వు తరుగుతూ ఉండు. ఆగకపోతే ఇంకెప్పుడూ అడగను."

ఒడెస్సా కత్తి పక్కన పెట్టేసింది. "ఇవాళ వద్దు. చెయ్యి నొప్పిగా ఉంది."

"జ్వరంలో కూడా పట్టుకున్నావు. నాన్నని మట్టిలో పెట్టిన మర్నాడు మంగళవారమైతే, ఎవరో పిట్స్‌బర్గ్ నుంచి వచ్చాడని అప్పుడు కూడా పట్టుకున్నావు. నాకు మాత్రం చెయ్యి నొప్పి. ఎందుకమ్మా? నేనంత దండగా?"

"నోరు మూసుకో వెర్లీన్."

"వదినా, ఇంక చాల్లే," అన్నాడు మూలనుంచి థాడియస్. "వేలు చూపించు దానికి."

"నువ్వు రొట్టె తిను."

"పదిహేనేళ్ళ నుంచీ అదే తింటున్నాను. నువ్వు చూపిస్తావా, నన్ను చెప్పమంటావా?"

ఒడెస్సా ఎడమ చేతి చూపుడు వేలి చివర కాస్త కండ లేదు. అందరికీ తెలిసిన సంగతే. పీచ్ పళ్ళ డబ్బా మూత కోసుకుందని ఇంట్లో చెప్పుకునేవారు. డబ్బా మూతలతో జాగ్రత్త అని వెర్లీన్ ఏటేటా బడిపిల్లలకి అమ్మ వేలి కథ చెప్పేది.

"డబ్బా కాదు," అంది ఒడెస్సా బల్లకేసి చూస్తూ. "ఆ రోజు నువ్వు మూడో జోకు చెప్తున్నావు. ఉల్లిపాయలది. నాకు లోపల్నుంచి నవ్వు తన్నుకొచ్చేసింది. కత్తి ఆగాలి. ఆపకూడదనుకున్నాను. పళ్ళు బిగబట్టి, కళ్ళు మూసుకుని తరిగాను. తరిగింది ఆకు కాదు. చెయ్యి ఏప్రన్‌లో దాచుకున్నాను. నువ్వు మేడెక్కాక థాడియస్ కట్టు కట్టాడు."

వెర్లీన్‌కి ఆ సాయంత్రం గుర్తొచ్చింది. పెటిగ్రూస్ చరిత్రలో ఆకుకూర లేని సాయంత్రం అదొక్కటే. తరిగిన ఆకంతా పారబోశారు, జనం మొహాలు మాడ్చుకున్నారు. ఆకులో రక్తం పడిందని అప్పుడు ఎవరికీ తెలియలేదు.

"పదిహేనేళ్ళు," అంది. "నాకు చేతకాదనుకుని బతికానమ్మా."

"బెర్నడీన్ గుర్తుందా నీకు? నిమిషంలో రెండుసార్లు నా కత్తి ఆపింది. అలాంటి ఆడది మళ్ళీ పుట్టదనుకున్నాను. ఊళ్ళు తిరిగింది. హోటళ్ళలో గది ఇచ్చేవాళ్ళు కాదు. కార్లో పడుకునేది. టొలీడోలో ఎవడో సీసా విసిరాడు, ఒక కన్ను పోయింది. తిరిగొచ్చి ఆ మూల కుర్చీలోనే కూర్చుంది, చచ్చేదాకా ఒక్క నవ్వించే మాట అనలేదు. ఆ కుర్చీలో నిన్ను చూసుకోలేకపోయాను. టీచరువైతే కళ్ళెదురుగా ఉంటావనుకున్నాను."

"మళ్ళీ ఎక్కాలనుందా అని ఆవిణ్ణి ఎప్పుడైనా అడిగావా?"

"అడగలేదు," అంది ఒడెస్సా.

ఆవిడ లేచి ప్లేటులో అన్నం, కూర పెట్టి బల్ల మీద ఉంచింది. వెర్లీన్ దాన్ని చూసి, చేతిసంచీ తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. ఆ వంటింట్లోంచి తినకుండా వెళ్ళిన మొదటి మనిషి ఆ ఇంటి కూతురే అయింది.

బుధవారం నుంచి శనివారం దాకా తల్లీకూతుళ్ళ మధ్య "ఉప్పు ఎక్కడ", "తాళం ఎక్కడ" తప్ప మాటల్లేవు. వెర్లీన్ కోపంగా కుర్చీలు తుడిచింది. తుడుస్తూ రెండుసార్లు ఏడ్చింది. ఒడెస్సా ఏం చేస్తోందో వంటింటి తలుపు వేసుకుని చేసింది.

ఆదివారం చర్చి వదిలిన వెంటనే జనం వచ్చిపడ్డారు. ఎనభై కుర్చీల గదిలో రెండు వందల మంది. టోపీలు, పూల దుస్తులు, చేతికర్రలు. ముసలి ట్రంపెట్ వాళ్ళు ఒకరినొకరు కౌగలించుకుని వీపులు చరుచుకున్నారు. టీవీలో కనిపించేవాళ్ళు గోడవారగా నిలబడి, వంటింటి వైపు భయంగా చూస్తున్నారు. ఆ గదిలో వాళ్ళింకా మంగళవారం పిల్లలే. ఒకరి తర్వాత ఒకరు ఎక్కి చెప్పారు, వాయించారు, పాడారు. మధ్యాహ్నం నాలుగైంది.

అప్పుడు ఒడెస్సా వంటింట్లోంచి వచ్చింది. పాతికేళ్ళలో ఒక్కసారి కూడా ఆ స్టేజి ఎక్కని మనిషి, ఏప్రన్‌తో, ఒక చేతిలో కూర తరిగే చెక్క పలక, ఇంకో చేతిలో కత్తి, చంకలో కట్టెడు ఆకులతో ఎక్కింది. పియానో పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, పలక ఒళ్ళో పెట్టుకుంది.

"మీ అందరికీ ఈ కత్తితోనే కదా ఉద్యోగాలు ఇచ్చాను," అంది మైకులోకి. "ఎవరి దగ్గరా మోసం చెయ్యలేదు. ఒక్కరి దగ్గర చేశాను. కన్నకూతురు కదా, భయపడ్డాను. కత్తి ఆగాల్సిన చోట ఆపలేదు. మీ అందరి ముందూ ఒప్పుకుంటున్నాను. ఇవాళ ఆదివారమైనా మంగళవారమే అనుకోండి. వెర్లీన్ పెటిగ్రూ."

లీనా ప్రైస్ అనలేదు. సొంత పేరు, నాన్న పేరు. వెర్లీన్ తన చేతిలో ఉన్న గ్లాసుల పళ్ళెం ఎవరికిచ్చిందో తనకే తెలియదు. మెట్లెక్కి మైకు ముందు నిలబడింది. వెనక కత్తి మొదలైంది. టకటకా, టకటకా, గదంతా వినిపించేలా.

"నేను పుట్టగానే డాక్టరు నవ్వాడట, మా నాన్న నవ్వాడట," అంది వెర్లీన్. "మా అమ్మ మాత్రం 'మంగళవారం రమ్మనండి, చూద్దాం' అందట."

గది గొల్లుమంది. కత్తి సాగుతూనే ఉంది.

"నలభై మంది పిల్లలకి పాఠం చెప్పాను. ఒకడు కూడా భయపడేవాడు కాదు. ఒకరోజు ఊరికే బల్ల మీద ఆకు పెట్టుకుని తరగడం మొదలెట్టాను. నలభై మందీ లేచి, చెయ్యని తప్పులు కూడా ఒప్పేసుకున్నారు."

టీవీ మొనగాళ్ళు గోడ పట్టుకుని నవ్వారు. కత్తి కాస్త తడబడింది, మళ్ళీ అందుకుంది.

వెర్లీన్ ఊపిరి తీసుకుంది. పదిహేనేళ్ళ కిందటి జోకు.

"మా నాన్న మా అమ్మని పెళ్ళి చేసుకోమని మూడుసార్లు అడిగాడు. మొదటిసారి ఆకుకూర తరుగుతోంది. కత్తి ఆగలేదు. రెండోసారి బంగాళాదుంపలు. ఆగలేదు. మూడోసారి అడిగితే మా అమ్మ కళ్ళమ్మట బొటబొటా నీళ్ళు. మా నాన్న మురిసిపోయి, చర్చికి పరిగెత్తి, పాస్టరుతో తేదీ ఖాయం చేసుకొచ్చాడు. తిరిగొచ్చి చూస్తే బల్ల మీద తట్టెడు ఉల్లిపాయలు. 'ఇంతకీ ఒప్పుకున్నట్టా కాదా?' అన్నాడు. 'ముందు ఇవి అవనీ' అంది మా అమ్మ."

గది ఊగిపోయింది. వెర్లీన్ చెయ్యెత్తి ఆపింది. అప్పటి జోకు అక్కడితో అయిపోయేది. ఇప్పుడు ఇంకొంచెం ఉంది.

"నాలుగేళ్ళ కిందట, నాన్న పోయే ముందు, నన్ను దగ్గరికి పిలిచాడు. చెవి ఆనిస్తే రహస్యంగా అడిగాడు. 'ఉల్లిపాయలు అయిపోయాయేమో కనుక్కో తల్లీ. ఇంతకీ ఒప్పుకుందా?'"

కత్తి ఆగింది.

వెర్లీన్ వెనక్కి తిరిగి చూసింది. ఒడెస్సా కత్తి కింద పెట్టేసి, ఏప్రన్ మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వుతోంది. ఒళ్ళోంచి పలక జారి ఆకులన్నీ స్టేజి మీద చెల్లాచెదురయ్యాయి. ఏప్రన్ తీసేసరికి మొహమంతా కన్నీళ్ళు.

"ఒప్పుకున్నాను," అంది నవ్వు ఆపుకోలేక. "చెప్పు మీ నాన్నకి. ఎప్పుడో ఒప్పుకున్నాను."

రెండు వందల మందీ లేచి నిలబడ్డారు. చప్పట్లు ఎంతసేపు మోగాయో ఎవరూ లెక్క పెట్టలేదు. థాడియస్ బేస్ అందుకున్నాడు. అలవాటు చొప్పున వంటింట్లో ఎవరో కుళాయి కట్టేశారు. వెర్లీన్ ఆకుల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని అమ్మ ఒళ్ళో తల పెట్టుకుంది. కండ లేని ఆ వేలు ఆమె జుట్టు నిమిరింది.

"డెట్రాయిట్‌కి నేనూ వస్తాను," అంది ఒడెస్సా. "కారు నేను నడుపుతాను. గది లేదనే హోటలువాడితో నేను మాట్లాడతాను."

"కత్తి పట్టుకుని మాట్లాడకు."

"నీకు అన్నం పెట్టాను వంటింట్లో. ముందు పోయి తిను."

వెర్లీన్ వెళ్ళి తింది. మొక్కజొన్న రొట్టె, చేప వేపుడు, అన్నం. ఆకుకూర మాత్రం లేదు. ఆ సాయంత్రం పెటిగ్రూస్‌లో ఎవరి ప్లేటులోనూ ఆకుకూర లేదు. ఈసారి ఎందుకు లేదో అందరికీ తెలుసు, ఒక్కరు కూడా సణగలేదు.