భుజమ్మీద చెయ్యి

మూడుబాటల స్టేషన్లో పొద్దున్నే ఒకడు ఇంకొకడి చెంప ఛెళ్ళుమనిపించాడు. కొట్టించుకున్నవాడితో పాటు కొట్టినవాడూ చెంప పట్టుకుని కూలబడ్డాడు. అయిదు వేళ్ళూ తేలింది ఒకడికే, మంట మాత్రం ఇద్దరికీ సమానం. చుట్టూ ఉన్న జనం కిసుక్కున నవ్వి ఎవరి రైలు వాళ్ళు చూసుకున్నారు. ఊరికి కొత్తవాడై ఉంటాడు పాపం. కడియం సంగతి తెలిసినవాడెవడూ ఒంటరిగా చెయ్యి ఎత్తడు.

రాజధాని నడిబొడ్డున మూడు మెట్రో దారులు ఒకదానిమీద ఒకటి కలిసే చోటది. ఒకప్పుడు అక్కడ రైలు మారడమంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడమే. తోపులాటలో మొదలైన తిట్టు కత్తిపోట్ల దాకా పోయేది. ఇప్పుడు గేటు దగ్గరే ప్రతి ప్రయాణికుడి చేతికీ, లోపల పనిచేసేవాళ్ళ చేతికీ కూడా ప్రతివేదన కడియం తొడుగుతారు. మళ్ళీ బయటికి వెళ్ళే గేటు దగ్గర తప్ప అది ఊడిరాదు. మణికట్టులోని నరంతో అది న్యూరల్ లింక్, అంటే నాడీబంధం, వేసుకుంటుంది. ఒకరి ఒంట్లో నొప్పి పుడితే దాన్ని కొలిచి, ఆ ఒంటిమీద ఎవరి చెయ్యి ఉందో వాళ్ళకి అంతే నొప్పి అప్పజెబుతుంది. గాయం రాదు, నొప్పి మాత్రం అసలు సిసలుది.

దీన్ని కనిపెట్టిన డాక్టర్ హైమ ఇదే ప్లాట్‌ఫామ్ మీద తమ్ముణ్ణి పోగొట్టుకుంది. సీటు కోసం జరిగిన గొడవలో ఎవడో పొడిచాడు. ఆ కసితోనే కడియం తయారుచేసింది. మొదట్లో ఓ చిక్కొచ్చింది. తాగి గింజుకుంటున్నవాణ్ణి నలుగురు గార్డులు పట్టుకుంటే నలుగురికీ పూర్తి నొప్పి తగిలి, ఊరికే భుజం పట్టుకున్నవాడు కూడా సొమ్మసిల్లాడు. ఇదన్యాయమని హైమ నొప్పికి వాటాలు వేసింది. ఎన్ని చేతులుంటే అన్ని వాటాలు. రద్దీలో ఎవడు ఎవణ్ణి ఆనుకుని తోశాడో తేలదు కాబట్టి, ముట్టుకున్నవాణ్ణి ముట్టుకున్నా లెక్కే. వాటా మరీ చిన్నదైతే అది మోచెయ్యి తగిలినట్టే, హింస కింద నమోదు చెయ్యక్కర్లేదు. తన న్యాయబుద్ధికి తనే మురిసిపోయింది కూడా.

రేపట్నుంచి ఊరంతటికీ కడియాలు. పై అంతస్తులోని కంట్రోల్ రూములో హైమ ఆ సంబరంలో ఉంటే, ఆమెతో మొదట్నుంచీ పనిచేసిన ఇంజనీరు కొమురేశ్ మాత్రం ముఖం ముడుచుకుని కూర్చున్నాడు.

"మనసొప్పుతలేదు మేడం. మన తెర మీద ఒకట్రెండు చెంపదెబ్బలే. దవాఖానల చూస్తే ఒంటినిండ దెబ్బలు, చేతికి మన కడెం అచ్చు. లోపల్నే ఏదో అయితున్నది."

"నీకు అనుమానమెక్కువయ్యా."

"అనుమానం గాదు. కిందికి పోయి నాలుగు కడేలకు మీటర్ పెట్టి చూస్తె ఎర్కయితది."

"సరే, టీ చల్లారేలోపు వచ్చెయ్."

అతను ప్లాట్‌ఫామ్ మీద ఒకామె మణికట్టుకి మీటర్ ఆనించడం హైమకి తెర మీద కనిపించింది. ఆ ప్రయాణికురాలు ఉలిక్కిపడి కెవ్వుమంది. "దొంగ! కడెం గుంజుకుంటున్నడు!"

గళ్ళచొక్కావాడొకడు కొమురేశ్ కాలర్ పట్టుకుని పిడికిలి ఎత్తాడు. ఎత్తినవాడు ఆగాడు. హైమ నవ్వుకుంది. చూశావా, కడియం అంటే భయం అనుకుంది.

గళ్ళచొక్కా వెనక్కి తిరిగి, "చెయ్యెయ్యుండ్రి!" అని అరిచాడు.

జనం అలవాటున్నట్టే వరుస కట్టారు. వ్రతంలో దంపతుల వెనక చుట్టాలు నిలబడి ఒకరి భుజం ఒకరు పట్టుకుంటారే, అలాగే. గళ్ళచొక్కా భుజమ్మీద ఒకడి చెయ్యి, వాడి భుజమ్మీద ఇంకొకామె చెయ్యి. వరుస ప్లాట్‌ఫామ్ దాటి ఎస్కలేటర్ దాకా పాకింది. అప్పుడు పడింది మొదటి గుద్దు. కొమురేశ్ ముక్కు చితికింది. వరుసలో ఒక్కరూ మూలగలేదు.

"కూడలీ!" హైమ కడియాలన్నిటినీ నడిపే యంత్రం మీద అరిచింది. "అందరికీ పూర్తి నొప్పి ఇచ్చెయ్!"

"వీలుకాదు డాక్టర్," అంది కూడలి, చెవిలోని బుడిపె నుంచి ఎప్పటి మర్యాదతోనే. "వరుసలో ముసలివాళ్ళున్నారు, గర్భిణులున్నారు. వాటా మించి ఎవరికీ ఇవ్వకూడదని మీరే నియమం పెట్టారు."

"గార్డుల్ని పంపు!"

"గార్డులు వరుసలోనే ఉన్నారు."

హైమ మెట్లమీద పడుతూ లేస్తూ దిగింది. వరుస చివర ఓ ముసలావిడ ఆప్యాయంగా జరిగి చోటిచ్చింది. "దా బిడ్డా, నా భుజం పట్టు. చీమ కుట్టినట్టుంటది, గంతే. పాపం, ఆ కొట్టేటి పిలగాడు ఒక్కడెంతని ఓర్సుకుంటడు?"

ఆవిణ్ణి తోసుకుని వెళ్ళబోయింది హైమ. చెయ్యి తగలగానే పక్కటెముకల దగ్గర చురుక్కుమంది. కొమురేశ్ ఎముక ఒకటి అప్పుడే విరిగిందన్నమాట. తనకి అందింది చీమ కుట్టినంతే.

"ఇంకో చెయ్యి చేరింది," అంది కూడలి. "వాటా తగ్గించాను."

గళ్ళచొక్కా దెబ్బ బలం పెంచాడు. కింద పడ్డ మీటర్‌ని తొక్కి పగలగొట్టి, దాని రేకు ముక్క తీసి కొమురేశ్ తొడలో దింపాడు, మెలితిప్పి లాగాడు. రక్తం ఎగజిమ్మింది. సరిగ్గా అప్పుడే రైలొచ్చింది. వరుస గబగబా విడిపోయింది. చేతులు తుడుచుకుని, సంచులు సర్దుకుని, అందరూ తలుపుల వైపు పరిగెత్తారు. గళ్ళచొక్కా కూడా ఎక్కేశాడు.

హైమ కొమురేశ్ పక్కన మోకాళ్ళమీద పడి, తొడమీది గాయాన్ని రెండు చేతులా నొక్కింది.

ఆమె నోరు తెరుచుకుంది గానీ అరుపు రాలేదు. విరిగిన ఎముకలు, చితికిన ముక్కు, చీలిన తొడ, అన్నీ ఒక్కసారే ఆమె ఒంట్లోకి దిగాయి. ఇప్పుడు అతని ఒంటిమీద ఉన్నవి ఆమె చేతులే.

"వైద్యులు దారిలో ఉన్నారు," అంది కూడలి. "రక్తనాళం తెగింది. వాళ్ళు వచ్చేదాకా చెయ్యి తియ్యకండి."

"ఎవరైనా రండి!" అని కేక పెట్టింది హైమ. "భుజం పట్టుకోండి చాలు!"

కొత్తగా దిగిన జనం గుండ్రంగా, దూరంగా నిలబడ్డారు. "ఒక్కతే పట్టుకున్నది, ఇప్పుడు ముట్టుకుంటే సగం మనకే," అన్నాడొకడు. ఇందాకటి ముసలావిడ రైలు తలుపులోంచి జాలిగా చూసి తల తిప్పుకుంది.

కొమురేశ్ ఒక కన్ను తెరిచాడు. "మేడం... ఇడిసిపెట్టకుండ్రి," అన్నాడు. "నా బిడ్డ..."

"విడవనయ్యా. విడవను." ఆమె ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. ఈ గాయం తమ్ముడిదే అనుకుని పళ్ళు బిగబట్టింది. అతను దగ్గాడు. విరిగిన ఎముక లోపల ఎక్కడో గుచ్చుకుంది. ఆమె కళ్ళు బైర్లు కమ్మాయి, ఒళ్ళంతా విరుచుకుపోయింది. ఒక్క క్షణం, ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం చాలు అనిపించింది.

నొప్పి తీసేసినట్టు పోయింది.

"హమ్మయ్య," అంది హైమ. హాయిగా, గట్టిగా, నలుగురికీ వినపడేట్టు.

అప్పుడు కనిపించాయి ఆమెకి తన చేతులు, గాలిలో, ఎర్రగా. గబుక్కున మళ్ళీ గాయం నొక్కింది. ఏ నొప్పీ రాలేదు. ఎంత నొక్కినా రాలేదు.

"డాక్టర్," అంది కూడలి అదే మర్యాదతో. "ఈ చావు లెక్కలో పరిమితి దాటిన వాటా ఒక్కటే. ఆఖర్న అతని ఒంటిమీద ఉన్న చేతులు మీవే. మీ పేరు మీద నమోదు చేశాను."