మామిడిచెట్టు మీది బదనిక

మాదాపూర్ గుట్టల్లో బండలు పగలగొట్టి ఆఫీసులు కడుతున్న రోజులవి. ఉదయశ్రీ పనిచేసే బిల్డింగు వెనక ఒక పాత మామిడిచెట్టు మిగిలింది. ఎండ తగిలే కొమ్మ మీద, గరుకు బెరడును పట్టుకుని, వేళ్ళు గాలిలో వదిలేసి ఒక అడవి ఆర్కిడ్ ఉండేది. గోధుమరంగు గళ్ళ రేకులు, మధ్యలో నీలి నాలుక. దానికి మట్టి అక్కర్లేదు. చెట్టు రసమూ అక్కర్లేదు.

పార్కింగ్ పని చూసే ఇంజనీర్ సురేష్‌ను ఆమె మొదటిసారి ఆపింది ఆ చెట్టు కోసమే.

"దీన్ని కొట్టేస్తారా అండీ?"

"మీరు వద్దంటే కొట్టం."

"వద్దనడానికి నేనెవర్ని?"

"అదే తెలుసుకుందామని."

అప్పటినుంచి ఇద్దరికీ టీ టైము ఒకటే అయింది. అతను 'నువ్వు'లోకి దిగాడు. ఆమె 'అండి' వదల్లేదు.

ఒకసారి సొంతూరు కాకినాడ వెళ్తూ చెప్పింది. "చెట్టు మీద బదనిక ఉంది. కాస్త చూసుకోండి."

"ఫికర్ చెయ్యకు."

తిరిగొచ్చేసరికి కొమ్మ బోడిగా ఉంది. సురేష్ మోచేతుల నిండా గీతలు, ముఖం నిండా వెలుగు.

"ఎట్లుంది? నేనే ఎక్కి పీకిన. ఒక్క వేరు మిగల్చలే!"

"ఎవరు పీకమన్నారు?"

"నువ్వే గద, బదనికుంది చూసుకోమన్నవ్!"

"మా అమ్మమ్మ ఆ పూలమొక్కనే బదనిక అంటుంది!"

"మా దిక్కు బదనికంటే చెట్టు రసం తాగి సంపేది."

అక్కడ ఆగాల్సింది. "సిమెంటు కలిపేవాళ్ళకి పూల గురించి చెప్పడం నాదే తప్పు," అనేసింది.

అతను చొక్కా చేతులు గీతల మీదికి దించుకుని వెళ్ళిపోయాడు. తర్వాతి వారం పుప్పాలగూడ సైటుకి మారిపోయాడు.

బదనికకు రెండర్థాలున్నాయని ఆమెకు తెలియదు. సిమెంటు మాటకు మాత్రం ఒకటే అర్థం. అది తెలిసే అంది.

చివరికి వాన తుంపరలోనే ఆటో ఎక్కి పుప్పాలగూడ వెళ్ళింది. అతను టార్పాలిన్ కింద బండ మీద కూర్చుని ఉన్నాడు.

"మొక్క కోసమా? గుట్టలన్ని తిరిగిన, దొరకలే. చెట్లుంటే గద, ఇగ."

"మొక్క కోసం కాదండీ. ఆ మాట అనకుండా ఉండాల్సింది."

"అది బదనిక లెక్క పట్టుకున్నది."

"మీ బదనికా, మా బదనికా?"

"మాదే. లోపల తాగుతున్నది."

"పీకెయ్యండి మరి."

"నా పీకుడు చూసినవ్ గద," అన్నాడు సురేష్. కాసేపు ఆమెను తడవనిచ్చి, బండ మీద కొంచెం పక్కకు జరిగాడు.